ఏభై ఒకటి

పోటీ పెట్టింది చీపురుపల్లి లెక్కల మేస్టారు పైడితల్లినాయుడు.
ఏభై మాటల్లో కథ.
ఆదివారం రాత్రి తొమ్మిదిలోపు ఫోనులో పంపాలి.
గెలిస్తే పలాస జీడిపప్పు, పావుకిలో.
ఓడితే గెలిచినవాళ్ళని పొగడాలి, అదీ మనస్ఫూర్తిగా.
పదకొండుమందిమి.
ఒకరి మొహం ఒకరు చూసింది తక్కువ,
ఒకరి అచ్చుతప్పులు ఒకరికి కంఠస్థం.

నాది పొందూరు, సంఘంలో నూలు తూచే పని.
శనివారం చిలపలు పట్టుకొస్తారు ఆడవాళ్ళు,
ముల్లు నిలబడేదాకా ఎవరూ ఊపిరి వదలరు.
నాకు తెలిసిన కథ ఒకటే గనక అదే మొదలెట్టాను:
వానలో తడిసిన చిలపని
అప్పలనరసమ్మ నా బల్లమీద పెట్టి
"ఇయ్యాల తూచకమ్మా,
నీళ్ళ బరువు నాది కాదు" అన్న రోజు.

మూడువందల పన్నెండు మాటలొచ్చాయి.

మబ్బుకి నాలుగు విశేషణాలుండేవి.
నాలుగూ పోయాయి, వాటి వెనకే మబ్బూ పోయింది,
వాన మాత్రం కురుస్తూనే ఉంది.
ఆమె మొగుడికి పన్నెండు మాటలు ఖర్చయ్యాయి;
బతికున్నన్నాళ్ళూ ఖర్చుమనిషే అనుకుని తీసేశాను.
బస్సుని తీసేశాక ఆమె నడిచొచ్చింది.
బళ్ళో నన్నేడిపించిన సంధులన్నీ
ఆ రాత్రి చుట్టాల్లా దిగాయి.
"ఎవరు అన్నారు" రెండు,
"ఎవరన్నారు" ఒకటి.
ఉకారం జారిన చోటల్లా
నాకో మాట మిగిలింది.

శనివారం, తూకానికీ తూకానికీ మధ్య
అప్పలనరసమ్మకే చదివి వినిపించాను.
పోగు తెగుతుందేమోనన్నట్టు కదలకుండా వింది.
"బాగుందమ్మా. నానలాగే అన్నాను.
మరి నా సేప దవడేదీ?"

పత్తి దువ్వే వాలుగచేప దవడ.
వాళ్ళత్త ఇచ్చింది, పళ్ళు రెండు ఊడింది.
నిన్న రాత్రే కోసేశానని ఎలా చెప్పను?
"అది లేకపోతే దూదేదీ,
దూది లేకపోతే నూలేదీ,
నూలే లేకపోతే వానలో తడిసిందేటి?"

ఇంటికెళ్ళి దాన్ని తిరిగి పెట్టాను.
వాలుగచేపదవడ, ఊపిరాడనంత దగ్గరగా, ఒకే మాటగా.
దానికి చోటివ్వడానికి "పాపం" అన్న మాట తీశాను.
అది పోయాకే
కథ తన కాళ్ళమీద కొంచెం నిలబడింది.

గెలిచింది ఆమదాలవలస గేటుమాన్ గురువులు.
ఇదీ అతని కథ, మొత్తం:
"గేటు పడ్డప్పుడు ఇద్దరూ తిట్టుకుంటున్నారు.
లేచేసరికి ఇద్దరి మధ్యా ఒకటే బీడీ."
తొమ్మిది మాటలు.
మిగతా నలభై ఒకటీ ఏం చేశావయ్యా అంటే
"రైలుకి వొదిలీసినాను" అన్నాడు.
పొగడమని ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేకపోయింది.

నా కథ కింద మేస్టారు రాశారు:
"వాలుగచేప, దవడ. రెండు.
మొత్తం ఏభై ఒకటి. లెక్క లెక్కే."
ఇక చూడాలి.
సమాసం ఒకటే మాటంది రాజాం మందులషాపు ఇందుమతి.
విడదీస్తే చేప చచ్చిపోతుందన్నాడు
నెల్లిమర్ల జూట్‌మిల్లు గుమస్తా.
అదెప్పుడో చచ్చిందన్నారు ఇంకెవరో.
పదకొండు దాటేదాకా
ఒక ఎముక కోసం అందరం కొట్టుకున్నాం.
ఆ రాత్రి మేం వాడిన మాటలు
ఎవరూ లెక్కపెట్టలేదు.

మళ్ళీ శనివారం.
"ఒక్క మాటకేనా?" అంది అప్పలనరసమ్మ.
"ఒక్క మాటకే. వచ్చేసారి ముప్ఫై మాటలేనట."
"తగ్గించీయండి, తగ్గించీయండి" అంటూ
పొడి చిలప తక్కెట్లో పెట్టింది.
ముల్లు అటూ ఇటూ ఊగుతోంది.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.